కన్నూ, చేయీ: పాఠశాలలో చిత్రలేఖన శిల్ప బోధన

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా నాందేడులో చేసిన ప్రసంగ పాఠం)

 

మరాఠీ నేల మీద ఒక తెలుగు పాఠశాల 75 ఏళ్ళు నిలబడడం సామాన్యమైన విషయం కాదు. ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో భాగమైన ఈ నాందేడు 1956లో బొంబాయి రాష్ట్రంలోను, 1960లో మహారాష్ట్రలోను చేరింది. సరిహద్దు గీతలు మారినా ఇక్కడి తెలుగు ఇళ్ళలో తెలుగు మాట మారలేదు. ఆ మాటకు అక్షరాన్ని తోడిచ్చిన పెద్దలందరికీ శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

ఇటువంటి సభలలో సాధారణంగా గణితం గురించో, విజ్ఞానశాస్త్రం గురించో, క్రమశిక్షణ గురించో మాట్లాడే పెద్దలను పిలుస్తారు. డ్రాయింగు మాస్టారును పిలిచి మాట్లాడమనడం అరుదు. ఉత్సవమంటే తోరణాలు కట్టడానికీ, వేదిక వెనుక అక్షరాలు రాయడానికీ మమ్మల్ని పిలవడం రివాజు. ఈసారి వేదిక మీదకే పిలిచారు. అందుకు కృతజ్ఞుణ్ణి. ఈ అవకాశాన్ని పొగడ్తలకు వినియోగించక, మూడు దశాబ్దాలకు పైబడిన నా వృత్తిలో నేను నేర్చుకున్న ఒకటి రెండు సంగతులు, చేసిన ఒక తప్పు మీ ముందుంచుతాను.

ముందు ఆ తప్పు చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజులవి. ఊరు, బడి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆరవ తరగతి పిల్లల ముందు బల్ల మీద ఒక ఇత్తడి చెంబు పెట్టి, చూసి గీయమన్నాను. వెనుక బెంచీలో ఒక బాలుడు చెంబు మూతిని నిండు చందమామలాగా గుండ్రంగా గీశాడు. అడుగునేమో సమంగా, ఒక అడ్డగీతతో ముగించాడు. దూరం నుండి చూస్తే చెంబు మూతి పూర్తి వృత్తంగా కనిపించదు, కోడిగుడ్డును అణచినట్టు దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. నేను ఎర్ర పెన్సిలు తీసి, ఆ వృత్తం మీద అడ్డంగా కొట్టివేసి, పక్కన సరియైన ఆకారం గీసి, సున్న వేశాను. ఆ పిల్లవాడు మెల్లగా లేచి, "సార్, మూతి గుండ్రంగనే ఉన్నది గద, నేను చెయ్యి పెట్టి చూసిన" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ తరువాత ఆ పిల్లవాడు డ్రాయింగు పుస్తకం తేవడం మానివేశాడు. ఆ ఏడాది చివర బడే మానివేశాడు. బడి మానడానికి నా సున్నయే కారణమని అనను. ఇంటి పరిస్థితులు ఏమున్నవో నేను కనుక్కోలేదు. కనుక్కోకపోవడం రెండవ తప్పు.

ఆ మాట నా చెవిలో చాలా ఏళ్ళు ఉండిపోయింది. తరువాత కొన్ని పుస్తకాలు చదివిన మీదట, మరి కొంత పిల్లల వద్దనే నేర్చుకున్న మీదట నాకు అర్థమైనదేమిటంటే, ఆ బాలుడు అబద్ధం చెప్పలేదు. వాడు చెయ్యి చెప్పిన నిజాన్ని గీశాడు. నేను కన్ను చెప్పిన నిజాన్ని అడిగాను. రెండూ నిజాలే. చెంబు మూతి చేతికి వృత్తమే, కంటికి దీర్ఘవృత్తం. ఈ రెండింటికీ నడుమ ఉన్న దారి చూపించడమే ఉపాధ్యాయుని పని. నేను దారి చూపలేదు, గీత కొట్టాను.

విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళావిద్యావేత్త వియన్నా నగరంలో అంధ బాలబాలికలకు మట్టితో బొమ్మలు చేయడం నేర్పాడు. చూపు లేని పిల్లలు తమ శరీరానుభవంతోనే ముఖాలనూ, మనుషులనూ మలచడం ఆయన దగ్గరగా గమనించాడు. తరువాత అమెరికాకు వలసపోయి, 1947లో బాలల చిత్రకళా వికాసం గురించి ఆయన ప్రచురించిన గ్రంథం ప్రపంచమంతటా డ్రాయింగు ఉపాధ్యాయులకు పాఠ్యగ్రంథమైంది. చిన్నపిల్లలు తాము చూసినదాని కంటె తమకు తెలిసినదానిని గీస్తారనీ, వయసుతోపాటు ఆ గీతలు కొన్ని దశలు దాటుతాయనీ ఆయన వివరించాడు. ఇల్లు గీస్తే లోపలి పొయ్యి కూడా కనిపించేటట్లు గీసే పాపను మనమందరం చూశాము. అది పొరపాటు కాదు. ఆ పాపకు ఇల్లంటే పొయ్యి కూడా.

ఇది తెలిసిన తరువాత నా తరగతిలో ఒక మార్పు చేశాను. చెంబును గీయించే ముందు, మట్టితో చెంబును చేయించాను. పిల్లలు మూతిని వేలితో చుట్టి గుండ్రంగా మలచారు. తరువాత ఆ మట్టి చెంబును నేల మీద పెట్టి, నిలబడి పైనుండి చూడమన్నాను. మూతి వృత్తం. కొంచెం వంగమన్నాను. వృత్తం సన్నబడింది. కూర్చోమన్నాను. ఇంకా సన్నబడింది. తలను నేలకు ఆనించి, మూతికి సమంగా కన్ను పెట్టమన్నాను. మూతి ఒక గీతగా మారింది. పిల్లలు కేరింతలు కొట్టారు. నేను ఎర్ర పెన్సిలుతో చెప్పలేకపోయిన పాఠం వాళ్ళు తమంతట తాము పావుగంటలో నేర్చుకున్నారు. అప్పటినుండి నా తరగతిలో చిత్రలేఖనమూ శిల్పమూ వేరువేరు పాఠాలుగా ఉండలేదు.

మన పూర్వులకు ఈ సంగతి తెలుసు. విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షిని ప్రతిమలు చేసే విద్య నేర్పమని అడుగుతాడు. దానికి చిత్రం తెలియాలంటాడు మహర్షి. చిత్రానికి నృత్యం, నృత్యానికి వాద్యం, వాద్యానికి గానం తెలియాలంటాడు. ఏ కళా ఒంటరిగా పట్టుబడదని దాని సారాంశం. మన పాఠశాలల పీరియడ్ల పట్టికలో మాత్రం ఈ గొలుసు తెగిపోయింది. వారానికి ఒకటో రెండో డ్రాయింగు పీరియడ్లు మిగిలాయి, అవి కూడా పరీక్షలు దగ్గరపడగానే గణితానికి వెళ్ళిపోతాయి. శిల్పం మాట ఎత్తేవారే లేరు.

ఎందుకు లేరని ఆలోచిస్తే ఒక కారణం కనిపిస్తుంది. మహారాష్ట్రలో కళా సంచాలక కార్యాలయం నిర్వహించే ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగు గ్రేడు పరీక్షలు మన పిల్లలకు గొప్ప వరం. మారుమూల పల్లెలోని పిల్లవాడు కూడా వస్తుచిత్రణ, స్మృతిచిత్రణ, అలంకరణ రచన, జ్యామితి, అక్షరలేఖనం క్రమపద్ధతిలో నేర్చుకునే అవకాశం వాటివల్ల కలిగింది. ఆ గ్రేడును బట్టి పదవ తరగతి ఫలితాలలో అదనపు మార్కులు కూడా వస్తున్నాయి. కాని ఆ పరీక్షలలో మట్టి లేదు. పరీక్షలో లేనిది తరగతిలోనూ లేకుండా పోయింది. అంతకంటె విచారకరమైన విషయం, అదనపు మార్కుల కోసమే పిల్లలను పంపి, గ్రేడు రాగానే పెన్సిలు అటక మీద పెట్టించడం. మార్కులను నేను నిరసించను. పేద పిల్లవానికి ప్రతి మార్కూ విలువైనదే. అయితే మార్కు చిత్రలేఖనం చెట్టుకు కాసిన కాయ వంటిది. కాయ కోసుకుని చెట్టు నరికివేయడం తెలివి కాదు.

ఉపాధ్యాయ మిత్రుల కోసం బోధన పద్ధతి గురించి కొంచెం వివరంగా చెబుతాను.

చిత్రలేఖనంలో నేను మొదట నేర్పేది గీయడం కాదు, చూడడం. ఒక వేపాకు చేతికిచ్చి, కాగితం వైపు చూడకుండా, చూపు ఆకు అంచు వెంట ఎంత నెమ్మదిగా సాగితే పెన్సిలు అంత నెమ్మదిగా సాగాలని చెబుతాను. వచ్చే బొమ్మ వంకరటింకరగానే ఉంటుంది. కాని అందులో ఆ ఆకు రంపపు అంచు ఉంటుంది. పుస్తకం చూసి దించిన ఆకులో అది ఉండదు. తరువాత కొలత. చేయి చాచి పెన్సిలును నిటారుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, ఎత్తుకు వెడల్పు ఎన్నవ వంతో చూడడం. ఆ తరువాత వెలుగునీడలు. కిటికీ పక్కన ఒక తెల్లని గుడ్డు చాలు. వెలుగు తగిలే చోటు, నడిమి ఛాయ, గాఢమైన నీడ, నీడలోకి కింది బల్ల నుండి తిరిగి వచ్చే మసక వెలుగు, బల్ల మీద పడే నీడ, ఈ ఐదింటినీ ఒక్క గుడ్డు మీద చూపవచ్చు. రబ్బరు వాడకాన్ని మొదటి నెల నిషేధించాను. తప్పు గీత పక్కనే ఒప్పు గీత గీస్తే, తాను ఎక్కడ తప్పిందీ పిల్లవానికి తెలుస్తుంది.

శిల్పానికి ఖర్చు ఇంకా తక్కువ. అయితే మట్టిని ఎంచుకోవాలి. మన మరఠ్వాడా నల్లరేగడి పత్తికి తల్లి వంటిదే గాని, తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే గుణం కలది. ఒంటిగా అది బొమ్మకు పనికిరాదు. కుమ్మరి ఇంటికి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళి, ఆయన చేత మన్ను గురించి చెప్పించడం మంచిది. ఆయనే ఆ రోజుకు ఉపాధ్యాయుడు. మట్టిని నానబెట్టి, జల్లెడ పట్టి, ఇసుక తగుమాత్రం కలిపి, గాలి బుడగలు లేకుండా బాగా పిసకాలి. మొదట చిటికెలతో నొక్కి చేసే చిన్న గురిగి, తరువాత తాడులా పేనిన మట్టిని చుట్లుగా పేర్చి చేసే కుండ, పిమ్మట జంతువులు, చివరకు మనిషి ముఖం. అతికించే చోట రెండు వైపులా గీతలు గీచి, పలుచని బంకనీరు పూసి నొక్కకపోతే ఆరిన తరువాత ఊడిపోతుంది. లావుగా ఉన్న బొమ్మను లోపల తొలచి, గోడలు వేలి మందానికి మించకుండా చూడాలి. తేమ లోపల మిగిలితే ఆవంలో పగులుతుంది. ఎండలో ఆరబెట్టరాదు. తడిగుడ్డ కప్పి నీడలో మెల్లగా ఆరనివ్వాలి. ఓర్పు గురించి నీతి పాఠం చెప్పనక్కరలేదు, మట్టే చెబుతుంది.

అన్నిటికంటె ముఖ్యం బొమ్మను తిప్పుతూ చేయడం. చిత్రానికి ఒకే ముఖం ఉంటుంది. శిల్పానికి అన్ని వైపులా ముఖమే. ఎద్దును చేసే పిల్లవాడు వెనుక కాళ్ళు మరిచిపోతే ఎద్దు నిలబడదు. కాగితం మీద కాలు తప్పుగా గీసినా ఎద్దు పడిపోదు. మట్టిలో పడిపోతుంది. తప్పును మాస్టారు ఎత్తిచూపవలసిన పని ఉండదు, ఎర్ర పెన్సిలు అవసరమే రాదు. నాలుగు వైపుల నుండి నాలుగు బొమ్మలు గీసిన తరువాతనే మట్టి ముట్టుకోమంటాను. మట్టి బొమ్మ పూర్తయిన తరువాత మళ్ళీ గీయమంటాను. మొదటి గీతకూ చివరి గీతకూ ఉన్న భేదమే పిల్లవాడు సాధించిన ప్రగతి. ఒకరి బొమ్మను మరొకరి బొమ్మతో పోల్చవలసిన పని లేదు.

ఇక మన పిల్లలకు ఆదర్శాలు ఎక్కడో వెదకనక్కరలేదు. మన ఇళ్ళ ముంగిళ్ళలో తల్లులు చుక్కలు పెట్టి వేసే ముగ్గు అలంకరణ రచనకు మొదటి పాఠం. తంగేడు, గునుగు పూలను వలయాలుగా పేర్చి పైకి పోయేకొద్దీ సన్నగించే బతుకమ్మ ఒక శిల్పమే. రంగుల పొందిక, కింది బరువు మీద పై ఎత్తు నిలిచే సూత్రం రెండూ అందులో ఉన్నాయి. శ్రావణ అమావాస్య నాడు మరాఠీ ఇళ్ళలో పోళా, ఆదిలాబాదు వైపు తెలుగు ఇళ్ళలో పొలాల అమావాస్య. మట్టి ఎద్దులను చేసి పూజించే ఆచారం రెండు వైపులా ఉంది. ఆ వారం నా తరగతిలో పాఠ్యప్రణాళిక పండుగే. ఒకే మట్టి ఎద్దును పక్కింటి మరాఠీ బాలుడు, మన బాలుడు కూర్చుని చేస్తుంటే ఏ భాష గొప్పదన్న ప్రశ్న పుట్టదు.

మన జిల్లాలోనే కంధారులో రాష్ట్రకూటుల నాటి క్షేత్రపాలుని బృహద్విగ్రహం తాలూకు ముక్కలు ఉన్నాయి. అంతటి పాదాన్ని చూసి, మూర్తి ఎంత ఎత్తు ఉండేదో అంచనా కట్టమంటే ఏ పిల్లవానికైనా ఉత్సాహం పుడుతుంది. శిల్పశాస్త్రంలో ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు, నవతాళ ప్రతిమకు మొత్తం 108 అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహానికే చెందిన కొలత. ఇది గణితమా, చిత్రలేఖనమా, చరిత్రా? మూడూను. దెగ్లూరు తాలూకా హొట్టల్‌లో కల్యాణి చాళుక్యుల నాటి ఆలయాలు ఉన్నాయి. కొంచెం దూరం పోగలిగితే ఎల్లోరాలోని కైలాసం. ఎనిమిదవ శతాబ్దిలో కొండను పైనుండి కిందికి తొలుచుకుంటూ వచ్చిన ఆ ఆలయాన్ని చూపితే, మట్టిని చేర్చి చేసే శిల్పానికీ రాతిని తీసివేసి చేసే శిల్పానికీ గల భేదం చెప్పకుండానే తెలుస్తుంది. చేర్చిన మట్టిని తీయవచ్చు, తీసిన రాతిని చేర్చలేము. తూర్పున నిర్మల్‌కు వెళితే తేలికైన పొణికి కర్రతో బొమ్మలు చేసే కళాకారులు ఉన్నారు. చేర్యాల నకాషీలు చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి ముఖాలు మలుస్తారు. ఇవన్నీ చవకైన సామగ్రి, గొప్ప విద్య.

ఇక్కడ తెలుగు మాధ్యమం గురించి ఒక మాట. కుండ, గురిగి, కంచుడు, గోలెం, మూకుడు, ప్రమిద అన్నప్పుడు ప్రతి మాటలో ఒక ఆకారం ఉంది. వంపు, నొక్కు, అంచు, మడత, బోర్లించడం, వెల్లకిలబెట్టడం అన్న మాటలు పిల్లవాడు వంటింట్లో నేర్చుకున్నవి. వాటితో శిల్పం చెబితే నేరుగా చేతికి అందుతుంది. ఆ మాటలు ఇంట్లోనుండి పోతున్నాయి. మట్టి తరగతి వాటిని కొంతకాలమైనా నిలుపుతుంది.

మా వృత్తి వారు సాధించినవి కూడా పూర్వ విద్యార్థులు గుర్తుచేసుకోవాలి. రాజమండ్రిలో కళాశాల అధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాపాఠశాలలో చదివి, 1925లో ముప్పై ఏళ్ళైనా నిండకుండానే కన్నుమూసినా ఆంధ్ర చిత్రకళకు ఒక శాశ్వత మార్గం వేసిపోయాడు. కరీంనగర్ జిల్లా అన్నవరంలో 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి అదే బొంబాయి కళాపాఠశాలకు చేరి, చిత్రాలతోపాటు కొయ్య శిల్పాలు కూడా చేశారు. సిద్దిపేటలో బడి డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన కాపు రాజయ్యగారు బతుకమ్మనూ, బోనాలనూ దేశమంతటికీ చూపారు. శాంతినికేతనంలో రాంకింకర్ బైజ్ 1938లో సిమెంటు, గులకరాళ్ళతో ఒక సంతాలు కుటుంబాన్ని మలచారు. పాలరాయి, కంచు కొనలేకపోతే శిల్పం చేయలేమన్న మాటకు అదే సమాధానం. అక్కడే చదివిన దేవీప్రసాద్ మన మహారాష్ట్రలోని సేవాగ్రామంలో 1944 నుండి చాలా ఏళ్ళు పల్లె పిల్లలకు చిత్రకళ నేర్పి, కళ విద్యకు అలంకారం కాదు, పునాది అని వాదించారు.

ఒకసారి ఒక తల్లి నన్ను అడిగింది: "సార్, బొమ్మలు గీస్తే బువ్వ పెడతాయా?" ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేదు. కూలి చేసుకుని బిడ్డను చదివించే తల్లి అలా అడగడం న్యాయమే. నేను ఇలా చెప్పాను: "అమ్మా, అందరికీ పెట్టవు. కొందరికి పెడతాయి. కాని చూసి కొలవడం, చేతితో చేయడం, తప్పును తానే దిద్దుకోవడం వచ్చినవాడు ఏ పనిలోనైనా బువ్వ సంపాదించుకుంటాడు." దర్జీకీ, వడ్రంగికీ, ఇల్లు కట్టే మేస్త్రీకీ, శస్త్రచికిత్స చేసే డాక్టరుకూ కావలసిన చేయి ఒకటే.

ఈనాడు ప్రశ్న మరో రూపంలో వస్తున్నది. ఫోనుకు ఒక మాట చెబితే బొమ్మ తయారై వస్తుంటే పిల్లవాడు గీయడం ఎందుకని అడుగుతున్నారు. బొమ్మ కోసం గీయిస్తున్నామనుకుంటే ఆ ప్రశ్నకు జవాబు లేదు. మేము గీయించేది బొమ్మ కోసం కాదు, చూపు కోసం. ఫోను బొమ్మ ఇస్తుంది గాని, వేపాకు అంచును పావుగంట చూసిన కన్నును ఇవ్వదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా పాఠ్యాంశాలకూ కళలకూ మధ్య గట్టి గోడలు ఉండరాదని చెప్పింది. కాగితం మీది ఆ మాట మన పీరియడ్ల పట్టికలోకి రావాలి.

అందుచేత ఈ జూబిలీ సందర్భంగా నావి మూడు విన్నపాలు. మొదటిది కార్యవర్గానికి: వారానికి రెండు డ్రాయింగు పీరియడ్లను వెంటవెంటనే కలిపి ఇవ్వండి. మట్టి తడిపి, చేతులు కడుక్కునే లోపల నలభై నిమిషాలు గడిచిపోతాయి. పరీక్షల కాలంలో వాటిని తీసుకోకండి. రెండవది పూర్వ విద్యార్థులకు: మీరు ఇవ్వదలచిన విరాళంలో కొంత భాగంతో ఒక మట్టి గది కట్టించండి. నాపరాళ్ళ నేల, ఒక నీటి తొట్టి, నాలుగు తిప్పుడు పీటలు, గోడలకు అరలు ఉంటే చాలు. మూడవది తల్లిదండ్రులకు: పిల్లవాడు చేసిన వంకర ఎద్దును చూసి నవ్వకండి. "ఇది ఏమిటి" అనకుండా, "దీని గురించి చెప్పు" అనండి. మట్టి పూసుకున్న చొక్కాకు తిట్టకండి.

వెనుక బెంచీలోని ఆ బాలుడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఈపాటికి అతనికి పెళ్ళీడు పిల్లలుంటారు. ఎదురుపడితే, "నాయనా, నీ చెయ్యి చెప్పింది నిజమే" అని చెప్పాలని ఉంది. అతనికి చెప్పలేకపోయిన మాట ఈ సభలో చెప్పుకున్నాను. ఇక ముందు ఈ పాఠశాలలో ఏ పిల్లవాడైనా చెయ్యి పెట్టి చూశానంటే, ఉపాధ్యాయులు ఆగి వినాలని కోరుతున్నాను.

 ఈ విద్యాలయం శతాబ్ది ఉత్సవం జరుపుకునే నాటికి, వేదిక పక్కన మన పిల్లలు తమ చేతులతో మలచిన మూర్తి ఒకటి నిలిచి ఉండాలని ఆకాంక్షిస్తూ సెలవు తీసుకుంటున్నాను.